గోరంత కోత

నా మెడ మీది కోత చూడ్డానికి వాడకట్టంతా వచ్చింది. వచ్చినవాళ్లంతా నిరాశపడి వెళ్లారు.

రఘునాథపల్లిలో నేను జాకెట్లు కుడతాను. కుడి చెయ్యి భుజం నుంచి బొటనవేలి దాకా మంట పుట్టి, తిమ్మిరెక్కి, చేతిలోంచి కత్తెర జారిపోవడం మొదలైనప్పుడు ఇంట్లో ఎవరూ నమ్మలేదు. వాపు లేదు, పుండు లేదు, కనీసం జ్వరమైనా లేదు. "పని తప్పించుకునేతందుకు నకరాలు" అంది మా అత్తమ్మ. మా ఆయన ఎవరినో పిలుచుకొచ్చి నూనె రాయించి మెడ తిప్పించాడు. కళ్ల ముందు చుక్కలు కనిపించాయి తప్ప చెయ్యి మారలేదు.

చివరికి హైదరాబాదులో స్కానింగు తీస్తే తెలిసింది. మెడ పూసల మధ్య నుంచి చిన్న ముక్క జారి నరాన్ని నొక్కుతోందట. "మెడ వెనక చిన్న రంధ్రం చేసి, కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి, ఆ దారిలోనే ముక్క తీసేస్తాం. మర్నాడే ఇంటికి పోవచ్చు" అన్నారు డాక్టరు. నాకు భయం వెయ్యలేదు. ఆపరేషనంటే ఇకనైనా నమ్ముతారని సంతోషపడ్డాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. చేతి మంట అదే రోజు తగ్గింది. తిమ్మిరి మెల్లగా పోతుందని, అప్పటిదాకా బరువులు ఎత్తితే మొదటికే మోసం వస్తుందని గట్టిగా చెప్పి పంపారు. ఆ చెయ్యి పోతే నాకింకేం మిగులుతుంది? కత్తెర పట్టలేని దానికి జాకెట్టు గుడ్డ ఎవరిస్తారు?

పలకరించడానికి వచ్చినవాళ్లు బత్తాయిలు పక్కన పెట్టి, నా జడ పక్కకు జరిపి చూశారు. అక్కడున్నది చిన్న పట్టీ.

"గింతేనా? సూది పొడిసినంత గూడ లేదు గదా!"

అత్తమ్మకు పరువు పోయినట్టయింది. "మా తమ్మునికి భూపాలపల్లి బొగ్గుబాయిల నడుము ఇరిగితే ఆపరేషన్ చేసిన్రు. అంగీ లేపితే జానెడు కోత కనవడ్తది. గదీ ఆపరేషనంటే!" అని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది. నేను పక్కనే కూర్చుని పళ్లు నూరుకున్నాను.

ఆ వారంలోనే ఒక పొద్దున అత్తమ్మ నల్లా దగ్గర నిండు బిందె చూపించి "జర లోపట పెట్టు" అంది.

"డాక్టరు బరువు ఎత్తద్దన్నడు అత్తమ్మా."

"బాగైంది గనకనే మర్నాడు ఇంటికి తోలిండు."

మా ఆయన వైపు చూశాను. ఆయన ఫోన్లోకి చూశాడు. కోపంతో ఎత్తాను. నడుం దాకా లేపానో లేదో, భుజం నుంచి వేళ్ల దాకా కరెంటు కొట్టినట్టయింది. బిందె కింద పడింది. దానికి సొట్ట పడిందని అత్తమ్మ బాధపడింది. నా చేతికేమైందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే జనగామ వెళ్లి, మందుల దుకాణంలో గడ్డం దాకా వచ్చే లావుపాటి మెడ బెల్టు కొని, అక్కడే పెట్టుకున్నాను. బస్సు దిగానో లేదో పక్కింటి అవ్వ "అయ్యో బిడ్డా, ఎంత కష్టమొచ్చె!" అని నోరు నొక్కుకుంది. అత్తమ్మ ఎదురొచ్చి నా చేతిలో సంచీ లాక్కుంది. "నువ్వు కూసో, చాయ్ నేను పోస్త." మా ఆయన మారుమాట లేకుండా బిందెలు మోశాడు. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లు నోరు నొప్పి పుట్టేలా చెప్పిన మాటకు ఈ స్పాంజి ముక్కకున్న విలువ లేదు.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు బెల్టు చూసి కసురుకున్నారు. "ఇది ఎవరు పెట్టుకోమన్నారమ్మా? మెడ బిగుసుకుపోతుంది. తీసెయ్యండి."

"ఇది నా మెడకు కాదు సార్, మా ఇంటోళ్ల కండ్లకు."

ఆయన నా వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూశారు. బొటనవేలికి స్పర్శ తెలిసింది. పిడికిలి బిగించమంటే బిగించాను. "చెయ్యి వచ్చేసింది. ఇంకొన్నాళ్లు జాగ్రత్త" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

బెల్టు సంచీలో పెట్టుకుని బస్సెక్కాను. కిటికీ గాలికి మెడ హాయిగా ఉంది. జనగామ దాటాక దాన్ని బయటికి తీసి, బాగైన చేత్తోనే, గట్టిగా బిగించుకున్నాను.