అరుంధతి ఒంటి పొట్టు

పొద్దున లేవగానే అరుంధతి చేసే మొదటి పని పక్క దులుపుకోవడం. అమ్మ చీపురు పట్టుకుని గదిలోకి వచ్చేలోపు దుప్పటి మీద రాలిన తెల్లటి పొట్టునంతా అరచేత్తో ఒక మూలకు తోసి, పాత పేపరు ముక్కలోకి ఎత్తి, బాత్రూంలో పారబోసి రెండు మగ్గుల నీళ్లు కొట్టేది. అది కొబ్బరి తురుములా ఉంటుందని ఒకరోజు తోచింది. ఆ రోజు నుంచి ఇంట్లో కొబ్బరి పచ్చడి చేస్తే ఆమె ముట్టుకోలేదు.

నాన్న కేశవరావుది కాకినాడ. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగం, సాకేత్ పక్కన పుష్ప్ విహార్‌లో రెండు గదుల క్వార్టరు. 1993లో, అరుంధతికి పద్నాలుగేళ్లప్పుడు, గొంతునొప్పి వచ్చి తగ్గింది. మూడు వారాలకు వీపు మీద ఎర్రటి చుక్కలు లేచాయి. ఏడాది తిరిగేసరికి మోచేతుల మీద, మోకాళ్ల మీద, నుదుటి పైన వెంట్రుకల అంచున అరచేతులంత మచ్చలు, వాటి మీద పొలుసులు. పెద్దాసుపత్రి డాక్టరు సోరియాసిస్ అన్నాడు. అంటదు, ప్రాణం తీయదు, పూర్తిగా పోదు అని చెప్పి తారు కలిపిన మందు రాసిచ్చాడు.

ఆ మందు కొత్తగా వేసిన రోడ్డులా కంపు కొట్టేది. దిండు గలీబుల మీద గోధుమరంగు మరకలు పడ్డాయి. అమ్మ సుభాషిణి కూతురి బట్టలు విడిగా ఉతకడం మొదలుపెట్టింది. మరకలు అంటుతాయని అనేది. నిజమే కావచ్చు. కింది ఫ్లాటు ఆంటీ మాత్రం అరుంధతి వస్తే ఒక స్టీలు గ్లాసు వేరుగా తీసేది, దాని అడుగున గుర్తుగా ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క ఉండేది. అరుంధతి అది చూసి కూడా ఆ నీళ్లు తాగేది. ఆంటీని తప్పు పట్టాలనిపించేది కాదు. నిద్రలో గీరుకున్న గోళ్ల కింద చేరినదాన్ని పొద్దున్నే చూసుకుంటే ఆమెకే రోత పుట్టేది. మే నెల ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కాతోనే బడికి వెళ్లేది.

పదకొండో తరగతి చదువుతుండగా, నవంబరులో, నాన్న ఆఫీసులో ఎవరో కరోల్ బాగ్ వెనక సందులో ఉన్న వైద్యుడి సంగతి చెప్పారు. మెట్ల కింద గది, గోడ నిండా దేవుళ్ల పటాలు, చెప్పుల దగ్గర పిల్లి ఉచ్చ కంపు. వైద్యుడు ఆమె మోచేతిని గోరుతో గీరి, ఆ గోటిని తన పంచెకే తుడుచుకుని, "లోపలి విషం బిటియా, నలభై రోజుల్లో కడిగేస్తాను" అని హిందీలో చెప్పాడు. గోధుమరంగు పొడి పొట్లాలు ఇచ్చాడు. నాలుక మీద వేసుకుంటే బొగ్గు నమిలినట్టుండేది.

మూడో వారానికి మచ్చలు మాయమయ్యాయి.

అరుంధతి తలుపు గడియ పెట్టుకుని అద్దం ముందు నిలబడి తన మోచేతులను తానే నిమురుకుంది. ముఖం కాస్త ఉబ్బింది, ఆకలి పెరిగింది, అంతే. సుభాషిణి సంతోషంతో ఏడ్చింది. కేశవరావు ఆ వైద్యుడికి శాలువా కొనుక్కెళ్లి కప్పి వచ్చాడు.

చైతు పరిచయమైంది ఆ రోజుల్లోనే. కేశవరావు ఆఫీసులోనే పనిచేసే రామమోహనరావు కొడుకు. వాళ్ల ఇల్లు సాకేత్‌లో. ఇద్దరూ ఒకే ఫిజిక్స్ ట్యూషన్‌కి వెళ్లేవాళ్లు. పొడుగ్గా ఉండేవాడు, తెలుగు అర్థమయ్యేది, జవాబు సగం హిందీలో ఇచ్చేవాడు. ట్యూషన్ అయ్యాక బండి దగ్గర శకర్‌కందీ అనే చిలగడదుంపలు కాల్పించుకుని, ఒకే ఆకు దొన్నెలో ఇద్దరూ తినేవాళ్లు. తన ఎంగిలి పుల్లతో ఇంకొకరు తినడం అరుంధతి రెండేళ్లలో మొదటిసారి చూసింది. ఆ రాత్రి అన్నం సహించలేదు, సంతోషానికి.

జనవరి పొగమంచులో పార్కు బెంచీ మీద చైతు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నీ చేతులు ఎంత స్మూత్‌గా ఉన్నాయి యార్."

జబ్బు సంగతి చెప్పాలంటే అదే సమయం. చెప్పలేదు.

ఒకరోజు గుడి దగ్గర ఒకావిడ ప్రసాదం పంచుతోంది. చేతుల నిండా తెల్లమచ్చలు. చైతు ఆమె ఇచ్చిన హల్వాను మలుపు తిరిగాక కుక్కకు వేసి, "ఛీ, ఆ చేతులతో ఎలా పంచుతుంది" అన్నాడు. అరుంధతి నవ్వింది. నవ్వి, తన చేతిలోది కూడా కుక్కకే వేసింది.

నలభై రోజులు దాటినా వైద్యుడు ఇస్తూనే ఉన్న పొట్లాల కోసం మార్చిలో వెళితే కరోల్ బాగ్ గదికి తాళం ఉంది. మేరఠ్ వెళ్లాడని ఒకరు, పోలీసులొచ్చారని ఒకరు అన్నారు. తగ్గిపోయింది కదా, ఇంకెందుకులే అన్నాడు కేశవరావు. పొట్లాలు ఆపిన పన్నెండో రోజు అరుంధతికి చలిజ్వరం వచ్చింది. మర్నాటికి ఒళ్లంతా నిప్పులా ఎర్రబడి, దాని మీద నువ్వుగింజలు చల్లినట్టు చీము పొక్కులు లేచాయి. చొక్కా విప్పుతుంటే దాంతోపాటు చర్మం ఊడి వచ్చింది.

పెద్దాసుపత్రి డాక్టరు ఇంట్లో మిగిలిన ఆఖరి పొట్లం విప్పి వాసన చూసి కేశవరావు వైపు తిరిగాడు. "ఇందులో స్టెరాయిడ్ కలుపుతారు. వేసుకున్నన్నాళ్లూ మాయమవుతుంది, ఆపగానే ఇట్లా తిరగబెడుతుంది. చదువుకున్నవాళ్లు మీరు" అన్నాడు. కేశవరావు విప్పిన పొట్లాన్ని మళ్లీ మడవడం మొదలుపెట్టాడు.

వార్డులో పదహారు మంచాలు. చీము, ఫినాయిలు, ఎవరో తెచ్చుకున్న ముల్లంగి పరాఠాల వాసన, అన్నీ కలిసిపోయి ఉండేవి. పక్క మంచం మీద మాణిక్యం అనే ఆవిడ. పాలమూరు నుంచి మేస్త్రి వెంట కూలికి వచ్చింది, ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ గోడలు కట్టే పని. ఆమెదీ అదే జబ్బు, పన్నెండేళ్లుగా. మోకాలు బరబరా గీరుకుని, అదే చేత్తో రొట్టె తుంచి పప్పులో ముంచేది. మంచం చుట్టూ నేల మీద పొట్టు పరచుకుని ఉండేది. అరుంధతి గోడవైపు తిరిగి పడుకునేది. ఆ మనిషి నమిలే చప్పుడు వినపడకుండా చెవి మీద దిండు ఒత్తుకునేది. తన మంచం కింద అంతకు రెట్టింపు పొట్టు ఉందని తెలిసినా రోత తగ్గలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం నర్సు రాలేదు. మాణిక్యం మందు డబ్బా పట్టుకుని అరుంధతి మంచం దగ్గరకు వచ్చింది.

"బిడ్డా, జర ఈపుకు రాయవా. నా చెయ్యి అందుత లేదు."

అరుంధతి ఆ డబ్బా వైపు చూసింది కానీ చెయ్యి చాపలేదు.

"రోత అయితే వద్దు తీయ్" అంది మాణిక్యం, కోపమేమీ లేకుండా. "నాకు గూడ మొదట్ల నా ఒళ్లంటె రోతనే ఉండె. ఎన్నొద్దులని రోత పడతం. ఆకలైతది, తింటం. దురద పెడ్తది, గీరుకుంటం."

అరుంధతి లేచి కూర్చుని రెండు వేళ్లతో మందు తీసింది. ఆ వీపు చూస్తే ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు బారి ఉంది, అక్కడక్కడా నెత్తురు. ఊపిరి బిగబట్టి రాసింది. వేళ్ల కింద పొలుసులు గరగరలాడాయి. కాసేపటికి ఊపిరి వదలక తప్పలేదు. ఆ వీపు వెచ్చగా ఉంది, మనిషి శ్వాస తీసుకున్నప్పుడల్లా పైకీ కిందికీ కదులుతోంది. ఇంకేమీ జరగలేదు. రెండు వేళ్లు చాలక అరచెయ్యంతా ముంచింది.

"సల్లగున్నది" అంది మాణిక్యం కళ్లు మూసుకుని.

ఆ సాయంత్రం రామమోహనరావు భార్యనూ కొడుకునూ తీసుకుని చూడటానికి వచ్చాడు. చైతు వార్డు గుమ్మం దాటలేదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఆమెను చూసి, వెంటనే గోడ మీద గడియారం వైపు చూపు తిప్పుకున్నాడు. గుడి దగ్గర అదే ముఖాన్ని చూసి తాను నవ్విన సంగతి అరుంధతికి గుర్తొచ్చింది. జ్వరం కంటే అది ఎక్కువ బాధ పెట్టింది.

ఇంటికొచ్చిన వారానికి అతను ఫోన్ చేశాడు.

"నాకు ముందే చెప్పాల్సింది అరూ. ఇది అంటుకుంటుందా? మమ్మీ అడుగుతోంది యార్."

"అంటదు. నిజమే, నీకు ముందే చెప్పాల్సింది. అది నా తప్పే."

"ఠీక్ హై. పూరా తగ్గాక చెప్పు, కలుద్దాం. అప్పటిదాకా ట్యూషన్‌లో కొంచెం దూరంగా కూర్చో. మన సంగతి ఎవరికీ తెలీదు కదా?"

"ఇది పూరా తగ్గదు చైతూ. పోతుంది, మళ్లీ వస్తుంది."

అతను గొంతు తగ్గించి, "అయితే ఫోన్‌లో మాట్లాడుకుందాం. దానికేం. నీ గొంతు అచ్ఛా లగ్తా హై" అన్నాడు.

అరుంధతికి రోత పుట్టింది. అది ఆమెకు బాగా తెలిసిన రోతే. ఇన్నాళ్లూ తన మోచేతులను చూసుకుంటే కలిగేది. ఈసారి అది ఫోన్ తీగ అవతలి వైపు ఉంది.

"నాకు నీ గొంతు నచ్చడం లేదు" అని పెట్టేసింది.

వారం రోజులు ఏడ్చింది. అతను మంచివాడు కాదని తెలిసినంత మాత్రాన ఏడుపు ఆగలేదు. ఆ శకర్‌కందీ దొన్నె మీద, ఆ బెంచీ మీద ఆమెకు నిజంగానే ఇష్టం ఉండేది.

ఏప్రిల్‌లో డాక్టరు పొద్దుటి ఎండ ఒంటికి తగలాలన్నాడు. అరుంధతి పొట్టి చేతుల చొక్కా వేసుకుని డాబా మీదకు వెళ్లింది. అక్కడ అప్పడాలు ఎండబెడుతున్న ఆడవాళ్లు మాటలు ఆపారు. సుభాషిణి వెనకే శాలువా పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "కాస్త కప్పుకోవే, అందరూ చూస్తున్నారు" అంది.

"కప్పుకుంటే ఎండ తగలదమ్మా."

సుభాషిణి శాలువాను మడిచి గచ్చు మీద వేసి, కూతురి పక్కన కూర్చుంది. కింది ఫ్లాటు ఆంటీ తన అప్పడాల చేటను రెండడుగులు అవతలకు జరిపింది. సుభాషిణి ఆ చేట వైపు, ఆంటీ ముఖం వైపు చూసింది. ఆ తర్వాత ఆమె ఆ ఇంటికి పేరంటానికి వెళ్లలేదు.

అరుంధతికి తన చర్మం మీద ప్రేమ పుట్టిందని చెబితే అబద్ధమవుతుంది. చలికాలం వస్తే మచ్చలు పెద్దవయ్యేవి, పరీక్షల ముందు నెత్తురు కారేవి. అప్పుడు విసుక్కునేది, తిట్టుకునేది. కానీ దాచడం మానేసింది. ఎవరైనా అడిగితే పేరు చెప్పి, అంటదని చెప్పి, తన పని తాను చూసుకునేది.

1997లో డిగ్రీలో చేరింది. యూనివర్సిటీకి వెళ్లే బస్సులో ఒకరోజు పక్కన కూర్చున్న అమ్మాయి అరుంధతి మోచెయ్యి చూసి, ముక్కు చిట్లించి, లేచి ముందుకు వెళ్లి కమ్మీ పట్టుకుని నిలబడింది. కాలేజీ ఇంకా గంట ప్రయాణం. అరుంధతి బ్యాగు ఆ ఖాళీ సీట్లో పెట్టి, కాళ్లు చాపుకుని, కిటికీ అద్దం తెరిచింది.