పెద్ద దేశం, చింతగింజంత దీవి

మా టీచరమ్మ పోయింది. పొద్దుటి బండికి తాండూరు నుంచి వచ్చిన మా తమ్ముడు చెప్పులైనా విడవకుండా గడప దగ్గరే నిలబడి ఆ మాట చెప్పాడు. అప్పుడు నేను వంటకు బియ్యం కొలుస్తున్నాను. సోల చేతిలోనే ఉండిపోయింది.

"మంచాన పడలే అక్కా. మొన్నటిదాంక గట్టిగనే తిరిగింది. నిన్న పొద్దుగాల లేవలే, అంతే" అన్నాడు.

గుల్బర్గాలో, తన అన్న కొడుకు ఇంట్లో పోయిందట. ఏడుపు వస్తుందనుకున్నాను. అది సాయంత్రానికి గానీ రాలేదు. ముందు వచ్చింది గర్వం. అలాంటి మనిషి ముందు కూర్చుని చదువుకున్నానన్న గర్వం. అది ఎందుకో నలుగురికీ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పోలీసు చర్య అయిపోయి కొత్త ప్రభుత్వం కుదురుకుంటున్న రోజుల్లో తాండూరులో ఆడపిల్లలకు బడి పెడితే, చదువు చెప్పడానికి ఆమె వచ్చింది. ఇంట్లో మాట్లాడేది కన్నడం, తను చదువుకున్నది ఉర్దూలో, మాకు చెప్పాల్సింది తెలుగులో. ఆ తెలుగు చాలావరకు మా దగ్గరే నేర్చుకుంది. మేం గోల చేస్తే "సాకు, సాకు" అని, అంటే ఇక చాలని, కన్నడంలో ఆపేది. ఎవరైనా మంచి జవాబు చెబితే ఉర్దూలో మురిసిపోయేది. మధ్యాహ్నం జొన్నరొట్టె తినేటప్పుడు మాత్రం గోడవైపు తిరిగి కూర్చునేది. పిల్లల ముందు టీచర్ తింటూ నోరు కదపకూడదని ఆమె లెక్క.

ఆమె పాఠం చెప్పే పలక మా తరగతి నేలే. మా ఊళ్లో నాపరాయికి కొదవ లేదు కదా, గదంతా నీలపు బండలు పరిచి ఉండేవి. ఒక బండను తనే తడిగుడ్డతో తుడిచి, ఆరాక సుద్దముక్కతో దాని నిండా భారతదేశం గీసేది. మేం చుట్టూ కూర్చునేవాళ్లం. పక్క బండలన్నీ సముద్రం. సముద్రంలో కాళ్లు పెట్టుకోవచ్చు, దేశం మీద మాత్రం పెట్టనిచ్చేది కాదు.

బడికంతా ఒక్కటే అట్లాసు ఉండేది. దాన్ని ఆమె అంత తొందరగా మా చేతికి ఇచ్చేది కాదు. "గిది ఫోటోలు తీసెటాయన అసుంటిది. ఏనుగుకు ఒక ఫోటో, ఎలుకకు ఒక ఫోటో, రెండూ ఒక్క సైజు. గట్లని ఎలుక ఏనుగంత అయితదా?" అనేది. రెండు దేశాలను పక్కపక్కన పెట్టాలంటే రెండింటినీ ఒకే కొలతతో గీయాలి, అదీ మా చేతులతో మేమే గీయాలి. "ముందు కొలత, తర్వాత మాట." ఈ ముక్క ఆమె ఎన్నిసార్లు అన్నదో నేను లెక్క పెట్టలేదు. పెట్టి ఉండాల్సింది. ఇవాళ్టికీ మా ఇంట్లో బియ్యానికీ పప్పుకీ ఒకే సోల వాడతాను. కోడలు నవ్వుతుంది. నవ్వనీ.

మాది గొర్రెల కాపరుల ఇల్లు. తాండూరు పొలిమేరలోనే మా దొడ్డి. నేను ఏడో తరగతికి వచ్చాను. మా బడిలో చదువు అక్కడితో ఆగిపోయేది. ఆపైన చదవాలంటే వికారాబాదులో ఉండాలి. నాయన వద్దన్నాడు. కోపంతో కాదు, మామూలుగా, వాన వచ్చేలా లేదని చెప్పినట్టు చెప్పాడు. నాకు మాత్రం లోకం ముగిసిపోయినట్టయింది.

అదే ఏడు వికారాబాదులో బడుల మధ్య వక్తృత్వపు పోటీ పెట్టారు. పెద్ద స్వతంత్ర దేశం గొప్పదా, చిన్న దీవి గొప్పదా అన్నది విషయం. పెద్ద దేశమంటే మనది. దీవి మారిషస్. అప్పటికింకా అది ఇంగ్లీషువాళ్ల కిందే ఉంది. ఎవరు ఏ పక్షమో చీటీలు తీసి ముందే కబురు చేశారు. నాకు దీవి వచ్చింది.

ఆ కబురు విని టీచరమ్మ చప్పట్లు కొట్టింది. "మస్తయింది!"

"ఏం మస్తు టీచరమ్మా? ఎదుటోని దిక్కు హిమాలయాలున్నయి, గంగ ఉన్నది. నా దిక్కు ఏమున్నది? ఉత్త చెరుకు."

"చెరుకు తియ్యగుంటది గదనే!"

ఆ సాయంత్రమే గొడుగు పట్టుకుని మా దొడ్డికి వచ్చింది. గొర్రెలు అప్పుడే ఇల్లు చేరాయి. దుమ్ములో నిలబడే నాయనతో మాట్లాడింది.

"అన్నా, నీ బిడ్డ వికారాబాదుల మాట్లాడుతది. నువ్వు వచ్చి వినాలె."

"ఇని ఏం జెయ్యాలె పంతులమ్మా? ఏడైనంక ఇగ సాలు. గాడ మాకు ఎవరున్నరు?"

"నేను గిప్పుడే ఒప్పుకోమంటలేను. ఒక్క దినం రా, విను. విన్నంక గూడ వద్దంటె, నేను మల్ల నీ దొడ్డి తొక్కను."

"గా దినం గొర్లను ఎవరు కాస్తరు?"

"సెలవు వెట్టుకుని నేనే కాసెదాన్ని, కని నేను గూడ పోవాలె గద. మా పిల్లలకన్న గవే నా మాట వింటయి."

మా అవ్వ, అంటే అమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పోయిరా పో. గొర్లను నేను జూస్త" అని నాయనకు చెప్పింది. అలా నాయన రావడానికి ఒప్పుకున్నాడు, చదువుకు కాదు.

నన్ను తయారుచేసిన తీరు చెప్పాలి. దీవి గొప్పలు రాసిచ్చి బట్టీ పట్టించలేదు. అట్లాసు ముందు పెట్టి, కొలత చూసుకుని దీవిని నన్నే గీయమంది. బండ నిండా భారతదేశం ఉంటే, అదే కొలతలో మారిషస్ ఎంతుంటుందని వెతికాం. శనగపప్పు చిన్నదైంది. రేగుపండు పెద్దదైంది. చింతగింజ సరిపోయింది. అది కూడా పక్క బండ మీద, సముద్రంలో దూరంగా. నాకు నీరసం వచ్చింది.

"ఇదా నా పక్షం?"

"ఇదే. ఎంత చిన్నగున్నదో ముందుగాల నువ్వే చూపియ్యి. ఎదుటోడు చూపిస్తె నీకు సిగ్గు. నువ్వే చూపిస్తె నీకు ధైర్యం."

పోటీ రోజు వికారాబాదు బడి హాలు నిండిపోయింది. నాయన భుజాన గొంగడితో వచ్చి వెనక తలుపు పక్కన నేల మీద కూర్చున్నాడు. నా ఎదుటి పక్షం వికారాబాదులో కిరాణా కొట్టు షావుకారి కొడుకు. చక్కని గొంతు. రెండు పటాలు గోడకు తగిలించి మొదలుపెట్టాడు. ఒకదాని నిండా భారతదేశం, ఇంకోదాని నిండా మారిషస్. నదులు, పర్వతాలు, మన జెండా, మన పార్లమెంటు అన్నీ గడగడా చెప్పి, ఇంత పెద్ద దేశం ముందు ఆ దీవి ఏపాటిదని చెయ్యి ఊపాడు.

అప్పుడు వెనక నుంచి నాయన గొంతు వినబడింది. "గా రెండు ఒక్క తీర్గనే ఉన్నయి గద! ఇగ పోటీ దేనికి?"

హాలంతా ఘొల్లున నవ్వింది. నా తల వంగిపోయింది. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా, "సరిగ్గ అడిగినవ్ అన్నా!" అంది. తర్వాత నావైపు చూసింది. ఏం చేయాలో నాకు తెలిసిపోయింది.

తీర్పు చెప్పడానికి కూర్చున్న ఆ బడి పెద్దసారు అనుమతి అడిగి నేల మీద కూర్చున్నాను. ఆ హాల్లోనూ మా తాండూరు బండలే. ఒక బండ నిండా భారతదేశం గీశాను. టీచరమ్మ కొంగుముడి విప్పి అందించిన చింతగింజను తీసుకెళ్లి పక్క బండ మీద పెట్టాను. వెనక పిల్లలు బెంచీలెక్కారు. పెద్దసారు కుర్చీలోంచి లేచి వచ్చి వంగి చూశారు.

"గిదీ నా దీవి. ఇంతే ఉంటది" అని మొదలుపెట్టాను. మన దేశంలో ఒక మూల కరువొస్తే ఇంకో మూల నుంచి రైల్లో ధాన్యం వస్తుంది, ఈ గింజంత చోటికి అన్నీ ఓడల్లోనే రావాలన్నాను. గాలివాన వస్తే చెరుకు తోటలన్నీ ఒక్కసారే పడిపోతాయి, దాక్కోవడానికి ఇంకో రాష్ట్రం లేదు, మళ్లీ నాటుకుంటారన్నాను. మన తెలుగువాళ్లు కూడా ఆ తోటల్లో పనికి ఓడెక్కి పోయారని, అక్కడ ఇంకా మన పండుగలు చేసుకుంటారని టీచరమ్మ చెప్పింది చెప్పాను. మన దేశం గొప్పది కాదని ఒక్క మాటా అనలేదు. పెద్దదానికి నిలబడటానికి చోటుంది, చిన్నది చోటు లేకుండానే నిలబడింది, అదే దాని గొప్ప అని ముగించాను.

పెద్దసారు ఒక్క ప్రశ్న వేశారు. "అంతా బాగుందమ్మా. కానీ తనను తాను ఏలుకోలేని దీవిని, స్వతంత్ర దేశంతో ఎలా పోలుస్తావు?"

ఇది మేం అనుకున్న ప్రశ్న కాదు. టీచరమ్మ వైపు చూశాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది. ఇక నేనే చెప్పాలి.

"నేను పుట్టినప్పుడు మా తాండూరు గూడ నిజాం రాజ్యమే సార్. మా అవ్వ నన్ను ఉయ్యాలల ఏసినంక మాకు స్వతంత్రం వచ్చింది. గా దీవికి ఇంక రాలేదు, గంతే. అది మనకు చెల్లె సార్. చెల్లెను అక్కతోని పోల్చొచ్చు గద?"

అప్పుడు హాలంతా కొట్టిన చప్పట్లు ఇవాళ ఇది రాస్తుంటే కూడా వినబడుతున్నాయి. మొదటి బహుమతి, ఇత్తడి గ్లాసు, నాకే ఇచ్చారు. షావుకారి కొడుకు వచ్చి నేల మీది చింతగింజ తీసి జేబులో వేసుకుంటే, టీచరమ్మ "చూడుండ్రి, గెలిచింది మేము, దీవిని ఎత్తుకపోతున్నది ఈయన!" అని అందరినీ నవ్వించింది.

ఇక్కడ కొంచెం ముందుకు వెళతాను. ఆ తర్వాత కొన్నేళ్లకు, నా పెళ్లయి, ఒళ్లో పసిపిల్ల ఉన్న రోజుల్లో టీచరమ్మ చేతిలో చక్కెర పొట్లంతో మా అత్తగారింటికి వచ్చింది. వాకిట్లోంచే "నీ చెల్లె పుట్టిందే!" అని కేక పెట్టింది. మా అత్తయ్య బిత్తరపోయి, "ఎవ్వలికి? మీ అవ్వకా? గీ ఉమర్లనా?" అని నన్ను నిలదీసింది. మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చిందని ఆమెకు నచ్చజెప్పేసరికి చక్కెర సగం అయిపోయింది.

అయితే టీచరమ్మ అనగానే నా కళ్లముందుకు వచ్చేది ఆ పోటీ రోజు సాయంత్రమే. వికారాబాదు స్టేషన్లో తాండూరు ప్యాసింజరు కోసం ముగ్గురం నిలబడ్డాం. గ్లాసు నా చేతిలో ఉంది కానీ, అసలుది, పైచదువు, నాకింకా దక్కలేదు. నాయన ఏమీ అనడం లేదు. టీచరమ్మ అడగడం లేదు. నాయన వెళ్లి ఒక బుట్ట సీతాఫలాలు బేరం చేసి తెచ్చాడు. అప్పుడు నోరు విప్పాడు.

"పంతులమ్మా, అంగడిల గొర్రెను అమ్మేటప్పుడు నేనేం జేస్తనో ఎరుకేనా?"

"ఎరుక లేదన్నా. చెప్పు."

"కుంటికాలుంటె ముందుగాల గదే చూపిస్త. ఎన్కనే ధర చెప్త. మావోళ్లు నవ్వుతరు. కని నా దగ్గర కొన్నోడు మల్ల నా దగ్గరికే వస్తడు. ఇయ్యాల నా బిడ్డ తన దీవి కుంటికాలు ముందుగాల చూపిచ్చింది. గది నేను నేర్పలే." సీతాఫలాల బుట్ట కింద పెట్టాడు. "గిట్ల నేర్పెటోళ్లు వికారాబాదుల ఉన్నరా?"

"ఉన్నరు. లేకుంటె నేనొచ్చి నేర్పుత."

"మరి ఉండెటందుకు జాగ?"

"నా దోస్తు ఇంట్ల అర్ర చూసిపెట్టిన. వాన కాలంలనే."

"నేను ఒప్పుకోకముందేనా?"

"నువ్వు ఒప్పుకున్నంక చూస్తె గది ఖాళీగ ఉంటదా అన్నా?"

నాయన గొంగడి దులిపి పకపకా నవ్వాడు. "నిన్ను అంగడికి తోల్కపోతె నా గొర్లన్ని నీవే అయితయి పంతులమ్మా!" అంటూ నా నెత్తి మీద చెయ్యి వేసి, "బిడ్డా, ఇగ మంచిగ చదువుకో" అన్నాడు.

బండి కదిలింది. పిల్లల ముందు తింటూ నోరు కదపని మా టీచరమ్మ కిటికీ పక్కన కూర్చుని, సీతాఫలాన్ని రెండు చేతులా విరిచింది. గుజ్జు తిని గింజలు బయటికి ఉమ్మడం మొదలుపెట్టింది. ఎదురుగా నాయన కూడా. ధారూరు దాటేసరికి ఇద్దరికీ పంతం వచ్చింది. కొంగు జారిపోయి, జుట్టు ముడి వీడి గాలికి ఎగురుతుంటే, ఆమె కిటికీలోంచి సగం బయటికి వంగి, బుగ్గలు పూరించి ఒక గింజను ఊది, ఎర్రటి ఎండలో అది ఎక్కడ పడిందో చూసి చెయ్యెత్తి అరిచింది. "చూసినవా అన్నా, నాదే దూరం!"