సంపూర్ణమ్మ చుట్టిన మోటారు

అనపర్తిలో మోటారు వైండింగంటే సంపూర్ణమ్మే. చుట్టుపక్కల చేలల్లో పంపుసెట్లన్నీ ఇరవయ్యేళ్లుగా ఆమె చేతి మీదుగా వెళ్లినవే. ఆమె చుట్టిన మోటారు కాలి వెనక్కొచ్చిందన్న మాట ఎవరి నోటా రాలేదు. రెండువేల ఆరులో మాత్రం ఒకటొచ్చింది.

తెచ్చింది దేవిశ్రీ, రాజమండ్రిలో ఇంజినీరింగు చదివే పిల్ల. కాలేజీల పోటీకని రోబో చెయ్యి ఒకటి చేసింది. దాని భుజానికి పెట్టిన కారు వైపర్ మోటారుకి వారం కిందట సంపూర్ణమ్మే వైండింగు చేసింది.

"మళ్లీ కాలిపోయిందండీ పిన్నిగారూ. ఎల్లుండే పోటీ. ఆరు ఇసక సంచులు బల్ల మీదకి ఎత్తాలండి," అంది ఏడుపుగొంతుతో.

సంపూర్ణమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "నా వైండింగుకే వంక పెడతావా? మోటారు రేపటికి చుట్టేస్తాను. ఆ చెయ్యి కూడా పట్టుకురా, దాని సంగతేంటో చూస్తాను."

మర్నాడు చెయ్యి రాగానే ముందు ఫ్యూజు విప్పింది. లోపల మందపాటి రాగితీగ!

"ఫ్యూజు ఊరికే పోతోందని వేశానండి. చేలో మోటారుకి మా నాన్నగారూ అలాగే వేస్తారు."

"ఓసి నీ దుంపతెగ! ఇంత చదువూ చదివి అదే పనా? కరెంటు ఎక్కువ లాగుతోందని ఫ్యూజు మొత్తుకుంటుంటే దాని నోరు నొక్కేశావు. మోటారు తగలడక ఏం చేస్తుంది?"

కొత్తగా చుట్టిన మోటారు బిగించి, సరైన ఫ్యూజు వేసి, ఎంత కరెంటు లాగుతోందో చూడ్డానికి మధ్యలో అమ్మీటరు కలిపి ఎత్తమంది. చెయ్యి బారెడు చాచి సంచి లేపింది. ముల్లు పన్నెండు ఆంపియర్లు దాటింది, ఫ్యూజు పోయింది.

సంపూర్ణమ్మ పకపకా నవ్వింది. "నిండు బిందెని చెయ్యి చాచి ఎత్తుతావుటే? దగ్గరికి లాక్కుని లేస్తాం కదా! ముందు మోచెయ్యి మడతపెట్టు. తర్వాత భుజం లేపు. పైకెళ్లాక చాపు."

ఇంకో ఫ్యూజు వేశాక దేవిశ్రీ స్విచ్చులు ఆ వరసలోనే నొక్కింది. ముల్లు ఆరు దాటలేదు.

"ఆలస్యమవుతుందేమోనండి."

"కాలిన మోటారు కంటే ఏదైనా తొందరగానే వెళ్తుందమ్మా."

పోటీ రోజు సంపూర్ణమ్మ కొట్టు కట్టేసి రాజమండ్రి వెళ్లింది. ఆమె పేరు నిలబడాలన్నా, పోవాలన్నా ఇవాళే. అయిదు సంచులు చక్కగా ఎక్కాయి. ఆరోదానికి అర నిమిషమే మిగిలింది. కంగారులో దేవిశ్రీ రోబో చెయ్యి చాచి ఉండగానే సంచి ఎత్తబోయింది.

"మడతపెట్టవే, మడత!" జనంలోంచి లేచి అరిచింది సంపూర్ణమ్మ.

దేవిశ్రీ వేలు ఆగింది. మోచెయ్యి మడిచింది, భుజం లేపింది. గంట కొట్టేసరికి సంచి బల్ల మీద ఉంది.

చప్పట్లు మోగుతుండగానే సంపూర్ణమ్మ తిన్నగా వెళ్లి మోటారు మీద అరచెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉంది.

"ఇది నేను చుట్టిన మోటారండీ," అంది, హాల్లో చివరి వరసకి కూడా వినబడేలా.