ముట్టు గుడిసెకు వెళ్లని వేసవి

మా ఊళ్లో ఆడపిల్లకు నెలసరి ఆలస్యమైతే దాచుకోవడం కుదరదు. ఊరి చివర ముట్టు గుడిసె ఉండేది. నెలసరి వచ్చినవాళ్లు ఐదు రోజులు అందులోనే ఉండాలి. ఎవరు వెళ్లారో, ఎవరు వెళ్లలేదో ఊరంతటికీ తెలుసు.

ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు రాసి, భద్రాచలం హాస్టల్ నుంచి వేసవి సెలవులకు వచ్చిన నేను రెండు నెలలు ఆ గుడిసె గడప తొక్కలేదు. అది బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. అడవి నుంచి తెచ్చిన ఆకును యాభై యాభై పేర్చి కట్టలు కడుతూ ఆడవాళ్లు నా రోజులు కూడా లెక్కపెట్టారు. హాస్టల్ పిల్ల కదా, వాళ్లకు ఇంకేం కావాలి?

నాకు ఒళ్లు మండేది. ఏమీ జరగలేదని నాకు తెలుసు. బైపీసీ చదివేదాన్ని, గర్భాశయం బొమ్మ గీసి మార్కులు కొట్టేసినదాన్ని. అయినా వాగులో స్నానం చేస్తూ, ఎవరూ చూడకుండా పొట్ట తడిమి చూసుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నిజంగా భయపడ్డాను. నాకు కడుపొచ్చిందన్న మాట నాన్న చెవిన కూడా పడింది మరి.

"ఇగ సదువు చాలు. లగ్గం చేద్దాం" అన్నాడు.

మేనత్త నాకో ఉపాయం చెప్పింది.

"ఉత్తగనే పోయి గుడిసెల ఐదు దినాలు కూసో. అందరి నోళ్లు మూతపడతయ్."

"రానిది వచ్చిందని నేనెందుకు కూసుంట?" అన్నాను.

"అబ్బో, పౌరుషం" అని మూతి తిప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే అమ్మ నన్ను వెంటబెట్టుకుని పక్క ఊళ్లో ఉండే సర్కారు నర్సమ్మ దగ్గరికి నడిచింది. దారంతా ఒక్క ప్రశ్న అడగలేదు.

"నాకు అనుమానం లేదు. దీని నాయనకు కాగితం కావాలె" అని నర్సమ్మతో చెప్పింది.

నర్సమ్మ పరీక్ష చేసింది. గర్భం లేదు, ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, ఈ వయసులో నెలసరి వెనకా ముందూ కావడం ఉన్నదే అంది. ఐరన్ గోలీలు ఇచ్చి, ఇంకో నెల చూసి రాకపోతే పెద్ద దవాఖానాకు పొమ్మంది. అదంతా చీటీ మీద రాసిచ్చింది.

సాయంత్రం నాన్న ఆ చీటీని అటూ ఇటూ తిప్పి నా చేతికే ఇచ్చాడు. ఆయనకు చదువు రాదు.

"సదువు" అన్నాడు.

"దాని సంగతి దానితోనే సదివిస్తవా?" అని మేనత్త గొణిగింది.

"అది అబద్ధం సదవదు."

అక్షరం వదలకుండా పైకి చదివాను. చదువుకున్నందుకు నాకు అంత గర్వం మళ్లీ ఏ సర్టిఫికెట్ తెచ్చుకున్నప్పుడూ కలగలేదు. లగ్గం మాట ఆగిపోయింది.

తీరా కాలేజీ తెరిచే ముందురోజు నెలసరి వచ్చింది. చాప చుట్టుకుని గుడిసెకు బయల్దేరాను. నేను వెళ్లడం ఊరంతా చూడాలని లోపల నాకూ ఉంది. అమ్మ గడపలో అడ్డం నిలబడింది. పెద్దమనిషైన నాటి నుంచి ఒక్క నెల కూడా గుడిసె తప్పని మనిషి.

"ఇప్పుడు పోతే ఆళ్లకు సాక్ష్యం సూపినట్టుంటది. ఇంట్లనే ఉండు. రేపు బస్సుకు పోవాలె."

నా చేతిలోని చాప తీసుకుని పొయ్యి పక్కన పరిచింది.