సారంగపాణి మాస్టారి చెవులు

సారంగపాణి మాస్టారికి లోకంలోని ప్రతి చప్పుడూ శ్రుతిలో ఉండాల్సిందే. మనుషులే కాదు, ఆటోలూ, కుక్కర్లూ, తలుపు గొళ్లేలూ కూడా.

తిరుపతి బజారులో ఒక్క స్టీలు గ్లాసు కొనడానికి దుకాణంలోని గ్లాసులన్నీ వేలితో కొట్టి వినేవారు. ఒకసారి ఆటో ఎక్కి, హారన్ మోగగానే దిగిపోయారు.

"ఏంది సామీ, దిగేస్తిరి?"

"నీ హారను అపశ్రుతి పలకతా ఉండాదప్పా. బస్టాండు దాకా తట్టుకోలేను."

వాళ్లావిడ వసంతమ్మగారు నాతో అన్నారు: "పెళ్లిచూపుల్లో నా మొగం సూసినాడనుకున్నావా? గాజుల సద్దు ఇన్నాడు. బాగుండాదన్నాడు. మా నాయన ఆ మాటకే మురిసిపోయి పిల్లనిచ్చేసినాడు."

అలాంటి మనిషి ముందు నేను పాఠం చెప్పాలి. మాది ఐరాల, నా పేరు కోమలి. సంగీతం టీచరు శిక్షణలో ఒక పెద్ద టీచరు ఎదుట నలభై తరగతులు చెప్పి, ఆయన సంతకం తెచ్చుకుంటేనే సర్టిఫికెట్. మాస్టారు వెనక గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేవారు. పాఠం చెబుతూ నేను ఆ కనురెప్పలనే చూస్తుండేదాన్ని.

మొదటిరోజే నాగులమ్మను అప్పగించారు. యాభై ఏళ్లుంటాయి, పూలమ్ముతుంది.

"శనివారం భజనలో నన్ను ఉత్తగా నోరు ఆడించమంటారు టీచరమ్మా. నేను పాడితే అందరూ దారి తప్పతారంట. నాకేమో పాడాలని ఉండాది."

నేను తంబురాను నా గొంతుకు సరిపోయే ఐదు శ్రుతిలో పెట్టి 'సా' అన్నాను. ఆమె ఇంకెక్కడో అంది. సరిదిద్దాను. మరింకెక్కడికో పోయింది. ఇలా మూడు వారాలు. ప్రతి 'సా'కీ మాస్టారి కనురెప్పలు అదిరేవి. చివరికి నాగులమ్మే లేచి, "నా గొంతే అంత. రేపట్నుంచి రాను" అని కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

"మాస్టారూ, ఆమెకు శ్రుతి రాదు," అన్నాను ఏడుపు గొంతుతో.

"ఆమె పూలమ్మేటప్పుడు ఇన్నావా?"

"లేదండీ."

"పొద్దున పోయి ఇను. దాన్నీ ఒక తరగతి కింద రాసుకుందాం."

వెళ్లాను. "మల్లెలో... కనకాంబరాలో..." అని ఆమె కేక. ఎన్నిసార్లు అరిచినా ప్రతి కేకా చివరికి ఒకే చోట వచ్చి నిలబడుతోంది. ఫోన్లో శ్రుతి పెట్టి చూశాను. మూడు! ఆమెది కింది గొంతు. మూడు వారాలుగా నేను ఆమెను అందనంత పైకి లాగుతున్నాను.

"నాగులమ్మక్కా, తప్పు నాది. ఒక్కసారి రా," అన్నాను పూలబుట్ట పక్కనే నిలబడి.

ఆ సాయంత్రం మూడు శ్రుతి పెట్టాను. 'సా' అంది. తంబురాలో కలిసిపోయింది. తన గొంతు తానే విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆమె వెళ్లాక అడిగాను: "మాస్టారూ, మీకు ముందే తెలుసా?"

"మొదటిరోజే తెలుసు."

"మరి చెప్పలేదే!"

"నేను చెప్పుంటే ఆమె నా శిష్యురాలయ్యేది. ఇప్పుడు నీ శిష్యురాలు. నీకు తోచకుంటే రేపు నేనే ఆమె ఇంటికి పోదామని కాచుకోని ఉండాను."

అపశ్రుతి వింటే ఆటో దిగిపోయే మనిషి, నా కోసం మూడు వారాలు కూర్చుని విన్నారు!

నలభై తరగతులూ అయ్యాయి. సంతకమూ పడింది. ఆ శనివారం భజనకు ఇద్దరం వెళ్లాం. నాగులమ్మ మొదట పాడింది, మిగతావాళ్లు అందుకున్నారు. పాట హాయిగా సాగుతోంది కానీ, హార్మోనియంలో ఒక మెట్టు ఘోరంగా పలుకుతోంది. మాస్టారు ఎక్కడ లేచిపోతారోనని భయమేసింది.

"మాస్టారూ, ఆ హార్మోనియం..." అని గొణిగాను.

"ఏమైంది? బాగనే ఉండాది కదా!" అన్నారాయన. అని, పక్కనున్న పెద్దమనిషిని మోచేత్తో పొడిచి, "ఆ పాడతా ఉండేది మా కోమలి శిష్యురాలప్పా!" అన్నారు.

అదే పెద్దమనిషికి అది మూడోసారి చెప్పడం.