ఖాదరు ఇంటి గోడ మీద మూడు పలకలు

రెండో యుద్ధం మొదలైన ఏడు. మద్రాసు ప్రెసిడెన్సీ దినాలు. గిద్దలూరు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. నేను తాపీ మేస్త్రిని. అక్షరాలు తర్వాతెప్పుడో నలభై దాటినాక నేర్చుకున్నా గానీ, అప్పటికి నాది వేలిముద్రే. ఎవరన్నా ఇల్లు తాకట్టు పెడితే, దాని గట్టితనం చూసి చెప్పమని సావుకారి సుబ్బయ్య నన్ను పంపేవాడు.

ఆ ఎండాకాలం జట్కా తోలే ఖాదరు గుర్రం చచ్చిపోయింది. ఇంకోటి కొనడానికి ఇల్లు తాకట్టు పెడతానన్నాడు. పోయి చూస్తే వెనక మూల గోడ మెట్లు మెట్లుగా పగిలి ఉంది, వేలు దూరేటంత. కింద నల్లరేగడి. ఎండకు ముడుచుకుంటది, తడికి ఉబ్బుతది. నేల జారి పునాది కుంగడాన్ని ఓవర్సీర్లు సెటిల్‌మెంట్ అంటారు. అదే అనుకొని, "ఈ ఇల్లు నిలవదు" అని చెప్పినా. సుబ్బయ్య గుమాస్తా రాసుకున్నాడు, నేను వేలిముద్ర వేసినా. ఖాదరుకు అప్పు పుట్టలే.

మర్నాడు ఆ వీధిలో పోతుంటే ఖాదరు భార్య మస్తాన్‌బీ పట్టుకుంది.

"ఏందన్నా, పది నిమిషాలు చూసి మా కూడు చెడగొడితివి? ఇరవై ఏండ్లుగా ఉండా ఈ ఇంట్లో. నా నెత్తిన పెచ్చు కూడా రాలలే."

"రాలినాక చెప్పడానికి నువ్వుండవు గదమ్మా."

"నీ నోరు పాడుగాను! ఎండన పడి వచ్చినావు, నీళ్ళన్నా తాగి పో."

తాగి చెంబు ఇస్తే, మిగిలిన నీళ్ళు జలదారిలో పోసింది. అవి గోడ తూములోంచి పోయి పగిలిన మూల కిందనే నిలిచినాయి. అక్కడ పుదీన పచ్చగా ఉంది.

"ఈ పుదీన ఎన్నాళ్ళనుంచి?"

"మూడేండ్లు."

"పగులు?"

"అదీ మూడేండ్లే అన్నా."

నాకు సిగ్గేసింది. ఆ మూల కుంగలే. చుట్టూ నేల ఎండి దిగుతుంటే, అదొక్కటే తడి తాగి పైకి లేచింది. పోయి సుబ్బయ్యతో తప్పు చెప్పినానంటే, "వానలు దాటనీ మేస్త్రీ, అప్పుడు చూద్దాం" అన్నాడు.

జలదారిని దూరంగా తిప్పినా. మూల పక్కన రేగడి తీసి గరుసు మట్టి పోసి దిమ్మిస కొట్టినా. పగులు పూడ్చి, దాని మీద అడ్డంగా మూడు మార్కాపురం రాతిపలకలు సున్నంతో అతికించినా. గోడ ఏమాత్రం కదిలినా పలక విరుగుతది. సుబ్బయ్యను పిలిచి, ఎవరూ పలకలు మార్చలేదని తెలిసేటట్టు పచ్చి సున్నంలో తన ముద్ర ఉంగరం అద్దమన్నా.

"నా ముద్ర ఒకసారి చెడింది. ఈసారి నీది ఉండనీ."

కూలి తీసుకోలే. పుదీన పీకి కుండలో పెట్టేటప్పుడు మస్తాన్‌బీ తిట్టిన తిట్లు మాత్రం తీసుకున్నా.

వానలన్నాళ్ళూ ఖాదరు స్టేషన్లో మూటలు మోసినాడు. వానలు తీరినాక సుబ్బయ్య వచ్చి ఒక్కో పలక తడిమి, ఉంగరం ఆనించి చూసినాడు. మూడూ నిలిచినాయి. ఆ వారమే కాగితాలు రాసినారు. కొత్త గుర్రం కట్టిన జట్కాలో మొదటి సవారి నాకే ఇచ్చినాడు ఖాదరు. అది నన్ను ఎగిరెగిరి పడేసినంత పని చేసింది.

అప్పటినుంచి ఏ ఇంటికి పోయినా మొదట గోడ చూడను. ఆ ఇంటి ఆడమనిషిని అడుగుతా: "అమ్మా, నీళ్ళు యాడ పారబోస్తావు?"