క్లాజమ్మ ఇచ్చిన నోటీసు

మా పెద్దమ్మ ముప్పై నాలుగేళ్లు ఒక లాయరుగారి ఆఫీసులో టైపిస్టుగా పనిచేసింది. ఇళ్లు ఖాళీ చేయించే నోటీసులకి ఆ ఆఫీసు పెట్టింది పేరు. ఊళ్లో ఎవరు ఏ ఇల్లు ఎందుకు ఖాళీ చేశారో ఆవిడ పదివేళ్లకీ తెలుసు. ఆవిడ కొట్టిన నోటీసు తప్పుందని ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. ఈ మాట నేను చెప్పడం లేదు, రోజుకి రెండుసార్లు ఆవిడే చెబుతుంది. వీధిలో అందరూ చాటుగా ఆవిణ్ణి క్లాజమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. పైగా అది బిరుదనుకుంటుంది.

రిటైరైన రోజు లాయరుగారు పాత టైపుమిషను బహుమతిగా ఇచ్చి పంపారు. ఆఫీసు వదిలింది గానీ ఎర్ర పెన్సిలు ఆవిణ్ణి వదల్లేదు. పొద్దున్నే పేపరు రాగానే ముందు పెద్దమ్మ తప్పులు దిద్దాలి, ఆ తర్వాతే పెదనాన్న చదవాలి. ఆయన ఏదైనా ముచ్చట చెప్పబోతే, "మంగళవారం కాదండీ, బుధవారం" అంటుంది. తీరా చూస్తే అది నిజంగానే బుధవారం అయ్యుంటుంది. అసలు బాధంతా అక్కడే.

పెదనాన్న పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే పని చేసి రిటైరయ్యారు. పట్టుమని పది మాటలు మాట్లాడే మనిషి కాదు. ఖాళీగా ఉండలేక చెక్కపని మీద మోజు పెంచుకున్నారు. రంపం, సుత్తి, ఉలి కొనుక్కొచ్చి పెరట్లో ఒక స్టూలు చేశారు. పెద్దమ్మ దానిమీద కూర్చుని, అటోసారి ఇటోసారి ఊగి, "ఒక కాలు పొట్టి" అంది. రెండోది చేశారు. "ఈసారి రెండు కాళ్లు పొట్టి" అంది. మూడోదానికి చెక్క తీయగానే, "కొలిచి కోయండి" అంది. మర్నాటి నుంచి పెరట్లో రంపం చప్పుడు వినపడలేదు. ఆయన రోజూ భోజనం కాగానే లైబ్రరీకని బయల్దేరేవారు.

ఉద్యోగం కోసం నేను వాళ్లింట్లోనే ఉంటున్నాను. ఆస్పత్రి రికార్డుల గదిలో పొద్దుటి షిఫ్టు నాది, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరతాను. అందుకే ఈ గొడవకి నేనూ సాక్షినే.

పైభాగంలో ఎనిమిదేళ్లుగా కళ్లద్దాలాయన అద్దెకుంటున్నాడు. రెండు సందుల అవతల షాపులో కళ్లజోళ్లకి అద్దాలు అరగదీస్తాడు. ఊరందరికీ చూపు సరిచేసే ఆయనకి ఒక కన్ను సరిగా ఆనదు, బండి నడపలేడు. ఆ షాపుకి నడిచి వెళ్లగలిగే దూరంలో మరో ఇల్లు దొరకడం కల్ల. ఒంటరివాడు, నెమ్మదస్తుడు. తొమ్మిదింటికి తాళం వేసి వెళితే మళ్లీ సాయంత్రం ఏడింటికే రావడం.

అలాంటిది, మధ్యాహ్నం మూడయ్యేసరికి పైన వెనకగదిలోంచి టకటక మొదలైంది. తాళం వేసిన ఇంట్లో చప్పుడేమిటని పెద్దమ్మ చెవులు రిక్కించింది. నోటుపుస్తకం తీసి తేదీ, టైము రాసుకోసాగింది. నేను మాత్రం రెండోరోజే పట్టేశాను. లైబ్రరీ నుంచి వచ్చిన పెదనాన్న చెవి వెనక చెక్కపొడి ఉంది. నా చూపు చూసి ఆయన గబుక్కున తుడుచుకుని, "పుస్తకాల దుమ్మమ్మా" అన్నారు. నేను నోరు మూసుకున్నాను.

పదహారు వారాల సాక్ష్యం పోగయ్యాక, ఒక ఆదివారం పొద్దున పెద్దమ్మ కళ్లద్దాలాయన్ని కిందికి పిలిచింది.

"మీ వెనకగదిలో ఎవరుంటున్నారు?"

"ఎవరూ లేరమ్మగారూ."

"మరి మధ్యాహ్నం ఆ చప్పుడు?"

"ఎలుకలేమోనండీ."

"ఎలుకలు సుత్తి వాడవు."

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. అబద్ధం ఆడటం ఆయనకి చేతకాదు. "చెప్పనని మాటిచ్చానమ్మగారూ. నోటీసిస్తే తీసుకుంటాను" అన్నాడు.

"అయితే ఉన్నారన్నమాట!" అంది పెద్దమ్మ. రిటైరయ్యాక ఆవిడ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. బీరువాలోంచి అద్దె కాగితం తీసి ఏడో క్లాజు గడగడా చదివేసింది. యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా ఇంటిలో ఏ భాగమూ మరొకరికి అప్పగించరాదు, అప్పగించినచో ఒప్పందం అంతటితో రద్దగును, ముప్పై రోజుల్లో ఇల్లు ఖాళీ చేయవలెను. అది స్వయంగా ఆవిడ రాసి, ఆవిడ కొట్టిన క్లాజు. పక్క కుర్చీలో పెదనాన్న పేపరు పేజీ తిప్పడం మానేశారు.

ఆయన పెరట్లోకి వెళ్లగానే వెనకాలే వెళ్లి పట్టుకున్నాను. "చెప్పేయండి పెదనాన్నా."

"చెబితే ఆ గది పోతుందమ్మా."

"చెప్పకపోతే పాపం ఆయన ఇల్లే పోతుంది!"

"పద్నాలుగు స్టూళ్లు చేశాను తెలుసా? మంచివాడమ్మా కళ్లద్దాలాయన. అడగ్గానే తాళంచెవి చేతిలో పెట్టాడు. వచ్చి అన్నిటినీ చూస్తాడు, బాగున్నాయంటాడు."

"కూర్చుంటాడా?"

"లేదు. నిలబడే మెచ్చుకుంటాడు."

నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. ఒక మనిషి తన కోసం నోరు కుట్టుకుని వీధిన పడబోతుంటే, ఈయన స్టూళ్లు లెక్కపెట్టుకుంటున్నారు. ఆ మాటే అనేసి లోపలికొచ్చేశాను.

ఆ మధ్యాహ్నం పైన చప్పుడు లేదు. కింద టైపుమిషను ఒక్కటే మోగింది. పెద్దమ్మ కార్బన్ పెట్టి మూడు కాపీలు కొట్టింది. కళ్లద్దాలాయనకి ఒకటి, దాచుకోవడానికి ఒకటి, వెనకగదిలో ఉన్న ఆ ఎవరికో ఒకటి. ఆ ఎవరో పేరు తెలియదు కనుక అక్కడ చుక్కలు కొట్టి వదిలింది. లాయరుగారి దగ్గర అబ్బిన పద్ధతి ఒకటుంది ఆవిడకి. సాక్షి సంతకం పెట్టే ముందు కాగితమంతా పైకి చదవాలి. మా ఇంట్లో ఏ కాగితానికైనా సాక్షి పెదనాన్నే.

కళ్లద్దాలాయన గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెదనాన్న చదవడం మొదలుపెట్టారు. తేదీ చదివారు, ఏడో క్లాజు చదివారు. "వెనకగదిని" అని చుక్కల దగ్గర ఆగారు. ఆయన జేబులోంచి పెన్ను తీసి, వంగి, ఆ చుక్కల మీద నెమ్మదిగా రాశారు.

"సాక్షి సంతకం అక్కడ కాదండీ, కింద" అంది పెద్దమ్మ.

"ఇది సాక్షి సంతకం కాదే" అన్నారు పెదనాన్న.

పెద్దమ్మ కాగితం లాక్కుని చూసింది. చుక్కల మీద మొగుడి పేరు, ఇంటిపేరుతో సహా. ఒకసారి చదివింది, కళ్లజోడు సర్దుకుని ఇంకోసారి చదివింది.

"మరి లైబ్రరీ?"

"నాలుగు నెలలైంది అటు వెళ్లి."

"ఇంత ఇల్లు పెట్టుకుని పైకెందుకండీ వెళ్లడం?"

"అక్కడ నన్ను దిద్దేవాళ్లు ఎవరూ లేరు."

కోపంగా అనలేదాయన. రేపు వానొస్తుందేమో అన్నంత మామూలుగా అన్నారు. ఆవిడ మొహం చూస్తే జాలేసింది. ఇన్నేళ్లూ ఆవిడ సాయం చేస్తున్నాననే అనుకుంది మరి.

పెద్దమ్మ లేచి మేడమెట్లెక్కింది. మేం ముగ్గురం వెనకాలే. వెనకగది నిండా స్టూళ్లే, కాలు పెట్టడానికి చోటు లేదు. కిటికీ దగ్గరున్నదాని మీద పెద్దమ్మ కూర్చుంది. అది ఠక్కున ఒక పక్కకి ఒరిగింది. ఆవిడ నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది.

"ఇక్కడ గాలి బాగా వస్తోంది" అంది.

అయితే క్లాజమ్మ క్లాజమ్మే. కొట్టిన నోటీసు వెనక్కి తీసుకోవడం ఆవిడ చరిత్రలో లేదు. కిందికి రాగానే, ఏడో క్లాజు ప్రకారం పాత ఒప్పందం రద్దయిపోయిందని కళ్లద్దాలాయనతో సంతకం పెట్టించుకుంది. ఆయన సామాను సర్దుకోవడానికి పైకెళ్లబోతుంటే, "ఎక్కడికి? కూర్చోండి, కొత్తది కొడుతున్నాను" అంది. వెనకగది తప్ప మిగతా పైభాగమంతా మళ్లీ ఆయనకే. పాపం ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఈసారి తుడవాల్సింది కళ్లజోడు కాదు.

వెనకగదికి వేరే ఒప్పందం కొట్టింది, పెదనాన్న పేరు మీద. సాక్షిని నేనట. అయినా అలవాటు కొద్దీ ఆయన్నే పైకి చదవమంది.

"ఒకటి, తాళంచెవి ఆయన దగ్గరే ఉండును. రెండు, యజమానురాలు తలుపు తట్టి, రమ్మంటేనే లోపలికి రావలెను. మూడు, అందులో చేసిన వస్తువుల గురించి అడిగితే తప్ప ఆవిడ మాట్లాడరాదు. నాలుగు, టీ వేళకి ఆయన కిందికి వచ్చి ఆవిడతో కూర్చొనవలెను. ఆరు, పేపరు మొదట ఆయనే చదువును."

నాలుగు తర్వాత ఆరు. ఐదు లేదు. ముప్పై నాలుగేళ్లలో లేని తప్పు, నల్లగా, మూడు కాపీల్లోనూ. నేను ఆగలేక "పెద్దమ్మా, ఐదు..." అనబోయాను. పెదనాన్న బల్లకింద నా కాలు గట్టిగా తొక్కారు.

పెద్దమ్మ ఎర్ర పెన్సిలు తీసి ఆయన ముందుకి జరిపింది.

"అన్నీ సరిగ్గా ఉన్నాయాండీ?"

ఆయన పెన్సిలు వంక చూశారు, ఆవిడ వంక చూశారు. దాన్ని అక్కడే వదిలేసి జేబులోంచి పెన్ను తీశారు.

"అన్నీ ఉన్నాయే" అని సంతకం పెట్టారు.